కొర్రమట్ట ఇంట్లో వాలుగ

మా పెళ్లి మాటలకు వచ్చిన రోజున మామ అడిగిన మొదటి ప్రశ్న నా గురించి కాదు, కంచంలో ఉన్న చేప గురించి.

"ఇదేం చాప?" అన్నాడు.

"వాలుగ," అన్నాడు మా బాపు గర్వంగా. "పొద్దుగాలనే పట్టిన."

మామ ఒక ముక్కను వేలితో అటు తిప్పి ఇటు తిప్పి, "పొలుసు లేదేంది?" అన్నాడు. కంచం కొద్దిగా ముందుకు జరిపి, మిగతా అన్నమంతా పప్పుతో తిన్నాడు. మా బాపు ఆ పప్పును చచ్చేదాకా మరిచిపోలేదు. అయినా పెళ్లి కుదిరింది. లోపలి అర్రలో ఆడవాళ్లతో కూర్చుని తిన్న అత్తమ్మకు నా నడక నచ్చిందట. కూర ఎట్లా ఉందని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.

మా పుట్టినూరు హిమాయత్ సాగర్ ఒడ్డున ఉండేది. అత్తగారిల్లు శంషాబాద్. రెంటికీ మధ్య ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. సాగర్ కట్టినప్పుడు మా పొలం కొంత నీళ్లలో మునిగింది. మునిగిన పొలం మీద ఈదుతున్నాయి కనుక అందులోని వాలుగలన్నీ న్యాయంగా తనవేనని బాపు వాదన. పట్నం నుంచి మోటారులో వచ్చి, నెత్తిన టోపీ పెట్టుకుని గాలం వేసే దొరలను చూస్తే ఆయనకు తన కొట్టంలో దొంగలు పడ్డట్టే ఉండేది. వాళ్లకు వాలుగ చిక్కని రోజున ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చేవాడు.

మామకు సాగర్ అంటే లెక్కలేదు. ఆయన లోకమంతా శంషాబాద్ చుట్టుపక్కల కుంటలు. ఇప్పుడు విమానాలు దిగుతున్న వైపు అప్పుడు తుంగ గడ్డి, బురద, గొర్రెలు. ఆ బురదలో కొర్రమట్టలు. కప్ప పిల్లను గాలానికి గుచ్చి, గడ్డి పక్కన నీళ్ల మీద అది గెంతుతున్నట్టుగా ఆడిస్తూ పొద్దస్తమానం నిలబడేవాడు. కొర్రమట్ట మనిషిలాగా గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుందని, అది వదిలిన బుడగను చూసి ఎంత బరువు ఉంటుందో చెప్పొచ్చని అనేవాడు. చెప్పేవాడు కూడా. పట్టిన చేప ఎప్పుడూ చెప్పిన దానికన్నా చిన్నదే ఉండేది. పెద్దది తప్పించుకుందనీ ఇది దాని తమ్ముడనీ సర్దుకునేవాడు.

నేను కాపురానికి వచ్చాక ఈ ఇద్దరూ ఎక్కడ కలిసినా ఇదే పంచాయితీ. పెళ్లిలో, బారసాలలో, చివరికి ఒక చావు ఇంట్లో కూడా, శవాన్ని ఎత్తేలోపల వెనక నిలబడి గుసగుసగా.

"నీ కొర్రమట్ట బురదల పొర్లుతది బావా. దాని కూరల గూడ అదే వాసన," అనేవాడు బాపు.

"నీ వాలుగకు ఒంటి మీద పొలుసే లేదు. బట్టల్లేనోన్ని ఇంట్లకు పిలిచి పీటేస్తరా ఎవరన్న?"

"గాలానికి పడ్డంక నీది గడ్డిల దూరి దాక్కుంటది. దొంగ లెక్క. నాది నీళ్లల్లనే కొట్లాడుతది."

"ఏం కొట్లాడుతది? ఒక్కసారి గుంజుతది, ఇగ అయిపాయె. తడిసిన బొంత లెక్క ఒడ్డుకొస్తది. కొర్రమట్టను ఒడ్డున పడేసి బీడీ ముట్టించుకో, తిరిగి చూసేటాలకు పాకుకుంట నీళ్లల్లకు పోతది. గది పౌరుషమంటే."

నిజం చెప్పాలంటే ఇద్దరూ చెప్పింది నిజమే. వాలుగ నోరు చెవుల దాకా చీలి ఉంటుంది, దానికి కడుపు తప్ప వేరే ఆలోచన లేదు. కోడి పేగులు వేసినా మింగుతుంది, తన కన్నా కొంచెం చిన్న చేప కనబడినా మింగుతుంది. నీళ్ల నుంచి తీస్తే మాత్రం ఎంతోసేపు బతకదు. కొర్రమట్ట అట్లా కాదు. తడి గోనెపట్టాలో చుడితే పొద్దుట పట్టింది సాయంత్రానికి కూడా కళ్లు తెరిచి చూస్తుంది. పిల్లలు పెట్టినప్పుడు ఆ ఎర్రటి గుంపును కింద నుంచి కాపలా కాస్తుంది. ఆ సమయంలో గాలం వేసేవాణ్ణి మామ మనిషిగా చూసేవాడు కాదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే అబద్ధం ఆడేవారు. తమ చేపలో ముల్లే ఉండదని. నడుమ వెన్నుముల్లు ఒక్కటి, అది తీసేస్తే ఇక పసిపిల్లకైనా పెట్టొచ్చని ఇద్దరూ ఒట్టు వేసేవారు.

నాకు మామతో మాట్లాడే హక్కు లేదు. మా ఇంట్లో కోడలు మామకు ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. చెప్పాల్సింది అత్తతో చెప్పాలి, అత్త ఆయనతో చెబుతుంది. పక్కనే కూర్చున్నా అంతే. "మామను బువ్వకు రమ్మనుండ్రి" అని నేను అత్తమ్మతో అంటే, చేతికి అందేంత దూరంలో ఉన్న మామ వినలేదన్నట్టు గోడ వైపు చూసేవాడు. అత్తమ్మ "బువ్వకు రమ్మంటున్నది" అన్నాక, అప్పుడే తెలిసినట్టు లేచేవాడు.

అత్తమ్మకు ముక్కు మీద కోపం. పొద్దున లేచింది మొదలు తిట్టేది. నన్ను, మామను, కోళ్లను, పక్కింటి మేకను, ఒక్కోసారి వానను. ఆమె తిట్లలో చాలా భాగం ఇక్కడ రాయలేను, రాసినా అచ్చు వేయరు. కత్తిపీట ముందు కూర్చుని, కొర్రమట్టను బూడిదలో దొర్లించి, జిగురు పోయేదాకా రాయికి రుద్ది పొలుసు తీస్తుంటే, అది తల తెగాక కూడా తోక ఆడించేది. "సచ్చినా బుద్ధి రాలే, నిన్ను తెచ్చినోని లెక్కనే ఉన్నవ్" అని దాన్ని తిట్టేది. మామ ఆ మాట విని మీసం దువ్వుకునేవాడు. కొర్రమట్టతో పోల్చడం ఆయనకు పొగడ్త.

మా ఆయనకు పట్నంలో మిల్లు కొలువు, వారానికి ఒకసారి వచ్చేవాడు. కనుక ఇంట్లో ఎప్పుడూ మేం ముగ్గురమే, బర్రెతో కలిపి నలుగురం.

లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, ఇంకా అయిపోలేదు. పట్నంలో కూడా మందులు దొరకని రోజులు. ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టే వేళ అత్తమ్మకు మోతీజర, ఇప్పుడు టైఫాయిడ్ అంటున్నారే, అది వచ్చింది. వారాల తరబడి జ్వరం దిగలేదు. చివరికి దిగింది గానీ మనిషి మంచంలోనే ఉండిపోయింది. మా గల్లీ చివర ఒక నర్సమ్మ ఉండేది, చర్చికి పోయే కుటుంబం, దవాఖానలో పని. రోజూ ఇంటికి పోతూ ఆమెను చూసి పోయేది. ఒకరోజు చేయి పట్టి చూసి, నన్ను వాకిట్లోకి పిలిచింది.

"జ్వరం పోయింది, ఇగ మందు పని గూడ అయిపోయింది. ఇప్పుడు బువ్వనే మందు. తింటలేదు గద. గిట్లనే తినకుంట పడుకుంటె, పడుకున్న కాడనే..." అని ఆపి, "తినిపియ్యుండ్రి ఎట్లన్న జేసి," అంది.

గంజి పోస్తే రెండు గుక్కలు తాగి మొహం తిప్పేది. నోరు చేదు అనేది. ఆ తర్వాత అనడం కూడా మానేసింది. తిట్టడం మానేసింది. కోళ్లు ఆమె మంచం కిందికి దూరి గింజలు వెతుక్కుంటుంటే ఊరికే చూస్తూ పడుకునేది. నాకు జ్వరం కన్నా అది చూస్తే ఎక్కువ భయం వేసింది. అంతకుముందు ఆ తిట్లకు వెనకవైపు దొడ్డిలోకి పోయి ఏడ్చినదాన్ని. ఇప్పుడు ఒక్క తిట్టు తిట్టినా చాలని అదే దొడ్డిలో ఏడ్చాను. అత్త అంటే నాకున్నది భయం ఒక్కటే అనుకునేదాన్ని. ఇష్టమని అప్పుడు తెలిసింది.

అత్తమ్మ మాట్లాడకపోయేసరికి మామకూ నాకూ మధ్య దారి మూతపడింది. ఇంట్లో ఉప్పు అయిపోతే చెప్పేది ఎవరికి? ఆలోచించి ఆలోచించి నేను బర్రె దగ్గరికి పోయి, మామకు వినబడేంత గట్టిగా, "బర్రే, ఇంట్ల ఉప్పు ఒడిసింది," అన్నాను. సాయంత్రానికి ఉప్పు పొట్లం బర్రె ముందు ఉంది. అది సగం కాగితం నాకేసింది. ఆ తర్వాత మా ఇంటి సంసారమంతా ఆ బర్రె మీదుగానే నడిచింది. అది పాలు తక్కువ ఇచ్చినా, మాటలు మాత్రం సరిగ్గా చేరవేసేది.

జ్వరం పడి లేచిన మనిషికి కొర్రమట్ట పెట్టడం మా వైపు పద్ధతి. బాలింతకైనా, మోతీజర తగ్గినవాళ్లకైనా అదే. మామ రోజూ కుంటల వెంట పడ్డాడు. పట్టినవాటిని బావి పక్క అర్రలోని నీళ్ల హౌజులో వదిలేవాడు, ఎప్పటికప్పుడు తాజాగా వండడానికి. ఆ హౌజులోని నీళ్లతోనే మేం స్నానాలు కూడా చేసేవాళ్లం. ఒకరోజు నేను చీకటితోనే చెంబు ముంచి నెత్తిన పోసుకుంటే నీళ్లతో పాటు ఒక కొర్రమట్ట నా భుజం మీద పడి, అక్కడి నుంచి బండ మీద పడి, నాకన్నా ముందే తేరుకుని పాకడం మొదలుపెట్టింది. నేను వేసిన కేకకు మామ పరుగెత్తుకొచ్చి, తలుపు బయట నిలబడి, "బర్రే, చాప పైలమేనా?" అని అడిగాడు.

వంట కూడా బర్రెతోనే చెప్పేవాడు. "బర్రే, కారం ఎయ్యకు. మిర్యాలు జర దంచు. చింతపులుసు పల్చగ." నేను అట్లాగే వండేదాన్ని. దానికీ ఒక పద్ధతి ఉంది. జబ్బు మనిషికి ముక్క బరువు, అరగదు, చారు తేలిక. కనుక చారు వడగట్టి మెత్తటి అన్నంలో పిసికి ఆమెకు. ముక్కలు వృథా పోకూడదు కనుక మామకు. ఆయన వద్దు వద్దంటూనే, పాపం, పెళ్లానికి బాగోలేదన్న దిగులుతోనే, అన్నీ తినేవాడు.

అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నోరే తెరవలేదు. మామ అరుగు మీద కూర్చుని, గాలం దారానికి ఉన్న చిక్కు తీస్తూ, తీసిన చిక్కునే మళ్లీ వేస్తూ, "కొర్రమట్ట గూడ తింటలేదు," అన్నాడు. బర్రెతో కాదు. ఎవరితోనూ కాదు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదటిసారి.

కబురు సాగర్ ఒడ్డుకు చేరింది. మా బాపు బండి కట్టుకుని వచ్చాడు. బండిలో గంగాళం, గంగాళంలో నీళ్లు, నీళ్లలో వంకర తిరిగి ఇరుక్కుని, మీసాలు బయటికి పెట్టుకుని ఒక వాలుగ. దారి పొడవునా ఎక్కడ కుంట కనబడితే అక్కడ ఆగి నీళ్లు మార్చాడట. ఎడ్లకు ఒక్కసారి కూడా నీళ్లు పెట్టలేదు.

"మా చెల్లెకు బతుకు మీద ఇష్టం ఎందుకు పోయిందో నాకు ఎర్కనే బావా," అన్నాడు దిగుతూనే. "నీ కొర్రమట్ట తినీ తినీ."

"జబ్బు మనిషికి వాలుగ పెడ్తవా? వాతం చేస్తది!" మామ గడప దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"నోట్లె పెడితె కరిగిపోతది. నమిలే పనే లేదు."

"కరిగిపోనీకి అదేమన్న చాపనా, ఎన్నపూసనా?"

అట్లా వాకిట్లో చాలాసేపు అరుచుకున్నారు. నేను లోపల అత్తమ్మ దగ్గర కూర్చుని విసురుతున్నాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది. చివరికి ఇద్దరికీ గొంతు పోయి, రేపు నర్సమ్మను అడిగి ఆమె చెప్పినట్టే చేద్దామని ఒప్పందానికి వచ్చారు. వాలుగ గంగాళంలో నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. రేపటి దాకా అది బతకాలి కదా. ఇద్దరూ చెరొక వైపు పట్టుకుని, జాగ్రత్తగా, పసిబిడ్డను దించినట్టు హౌజులో దించారు. హౌజులో అప్పటికే మామ పట్టిన కొర్రమట్ట ఉంది, మర్నాటి కూరకు.

ఇంత చేప పాండిత్యం ఉన్న మనుషులు. బుడగ చూసి బరువు చెప్పేవాడు ఒకడు, దారం కదలిక చూసి చేప వయసు చెప్పేవాడు ఇంకొకడు. వాలుగ ముందు ఏది పెట్టినా మింగుతుందని ఏళ్లుగా చెప్పుకున్నవాళ్లు. ఆ క్షణంలో ఇద్దరిలో ఒక్కడికీ ఆ సంగతి గుర్తు రాలేదు. పోట్లాటలో అంత మునిగిపోయారు.

పొద్దున నీళ్ల కోసం పోయిన నేను చూశాను. వాలుగ వెల్లకిలా తేలుతోంది. దాని నోట్లోంచి కొర్రమట్ట తోక బయటికి ఉంది. సగం మింగింది, మిగతా సగం పట్టలేదు. కక్కలేకపోయింది కూడా. రెండూ చచ్చాయి.

"అయ్యో, బర్రే!" అని అరిచాను.

ఇద్దరూ వచ్చి హౌజు పక్కన నిలబడ్డారు. బాపు అంగీ గుండీలు పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

"చూసినవా బావా, నాది నీదాన్ని మింగింది," అన్నాడు.

"నీది మింగలే. నాది గొంతుల అడ్డం పడి నీదాన్ని సంపింది," అన్నాడు మామ.

చచ్చిన చేపలు నర్సమ్మ కోసం ఆగవు. రెండూ ఆ పూటే వండాలి. రెండింటినీ విడదీయడానికి బాపు ఒక తోక, మామ ఒక తల పట్టుకుని లాగాల్సి వచ్చింది. నేను రెండు పొయ్యిల మీద రెండు కుండలు పెట్టాను. మామ బర్రె దగ్గర నిలబడి మిర్యాల సంగతి చెబుతుంటే, నాతో నేరుగా మాట్లాడగలిగిన నా సొంత బాపు కూడా పంతానికి పోయి బర్రె దగ్గరే నిలబడి, "ఆవాలు ఎయ్యమను," అన్నాడు. బర్రె మొదట మామను, తర్వాత బాపును చూసి మెడ తిప్పుకుంది.

రెండు గిన్నెల్లో చారు, రెండు గిన్నెల్లో మెత్తటి అన్నం. మంచానికి ఆ పక్క మామ, ఈ పక్క బాపు. నేను కొర్రమట్ట కూర గిన్నెతో తలుపు చాటున. వాళ్ల కంచాల్లో ముక్కలు కూడా వడ్డించి పక్కనే పెట్టాను. ఆమె తింటే గానీ తామూ తినమని ఇద్దరూ బెట్టు చేస్తున్నారు.

"జర ఒక్క ముద్ద," అన్నాడు మామ.

"చెల్లే, ఒక్కటి," అన్నాడు బాపు.

అత్తమ్మ పెదవులు బిగించింది. ఇద్దరి చేతులూ గాల్లోనే ఉన్నాయి. చేతులు నొప్పి పుట్టి కాబోలు, బాపు ముద్దను గిన్నెలో పెట్టేసి, "పోనీ నువ్వే తీర్పు చెప్పు చెల్లే. ముప్పై ఏండ్ల సంది చాపలు వండుతున్నవ్. మా ఇంట్ల వాలుగ గూడ తిన్నవ్. రెండిట్ల ఏది మంచిగుంటది? నువ్వేది చెప్తే ఇగ అదే. నేను మల్ల నోరెత్త," అన్నాడు.

అత్తమ్మ పైకప్పు వైపు చూసింది. తర్వాత, వారం రోజుల్లో మొదటిసారి, ఒక పూర్తి మాట మాట్లాడింది.

"రెండిటి తోకలు ఒక్క తీరుగనే ఉంటయ్ అన్నా."

ఇద్దరికీ అర్థం కాలేదు. మామ "తోకలేంది?" అన్నాడు. బాపు నవ్వబోయి ఆగాడు. నాకు మాత్రం అర్థమైంది. ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి నా కంచంలోనూ తోకే పడేది. నడిమి ముక్కలు మామకు, వచ్చినవాళ్లకు. తల కొడుక్కు. అందరూ తిన్నాక అడుగున పులుసు, తోక మాకు. మా పుట్టింట్లోనూ అంతే కనుక నాకు అది వింతగా తోచలేదు. ముప్పై ఏళ్లు ఒకే చేతితో పొలుసు తీసి, కోసి, వండి, వడ్డించి, ఏది రుచి అని ఇద్దరు మగవాళ్లు కొట్టుకుంటుంటే విని, ఆ మనిషికి దాని రుచే తెలియదు. ఇప్పుడు చావు మంచం మీద కూడా చారు ఆమెకు, ముక్క ఆయనకు.

నాకు కోపం వచ్చింది. ఎంత కోపం అంటే బర్రె గుర్తు రాలేదు. తలుపు చాటు నుంచి వచ్చి మామ ఎదురుగా నిలబడ్డాను.

"మామా, అత్తమ్మకు నడిమి ముక్క ఎన్నడన్న పెట్టిండ్రా?"

మామ నన్ను చూశాడు. నా ముఖంలోకి నేరుగా చూడడం ఆయనకూ అదే మొదలు. అత్తమ్మ వైపు చూశాడు, బాపు వైపు చూశాడు. బాపు కిందికి చూశాడు, మా పుట్టింట్లో ఆమెకు పెట్టింది కూడా తోకే కనుక. మామ తన కంచంలోని కొర్రమట్ట నడిమి ముక్క తీసి అత్తమ్మ అన్నంలో పెట్టాడు. బాపు తన కంచంలోని వాలుగ ముక్క తీసి పక్కన పెట్టాడు. తర్వాత మామ నా చేతిలోని గిన్నె లాక్కుని, అడుగున ఉన్న కొర్రమట్ట తోకను తన కంచంలో వేసుకున్నాడు.

అత్తమ్మను దిండుకు ఆనించి కూర్చోబెట్టాను. కొర్రమట్ట ముక్క కొంచెం తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మేమందరం ఆమె దవడ వైపే చూస్తున్నాం. మింగింది.

మామకు ఆ సంతోషంలో ఏం చేయాలో తెలియలేదు. తానూ తినాలనిపించి తోకను సగానికి విరిచి, నడిమి ముక్క తిన్నట్టే, చూడకుండా నోట్లో వేసుకుని ఒక్క నములు నమిలి మింగాడు.

తోకను అట్లా తినకూడదు. అది తినడం ఒక పని. ముందు పెదవులతో పట్టుకుని, నాలుకతో వెతికి, ముల్లును పళ్ల ముందుకు తోసి తీయాలి. మా ఆడవాళ్లకు అది పుట్టుకతో వచ్చినట్టే. మామకు ఎక్కడ వస్తుంది? కళ్లు బయటికి వచ్చాయి. గొంతు పట్టుకున్నాడు. ముఖం నల్లబడింది.

"ఏమైంది బావా?" అన్నాడు బాపు.

మామ గొంతు చూపించాడు.

"ముల్లా? కొర్రమట్టకు ముల్లేంది?" అన్నాడు బాపు. ఆ మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే, ఈయనకు వాదనలో గెలిచిన సంబరం. ఆ తర్వాత జీవితాంతం అందుకు సిగ్గుపడ్డాడు, కానీ అప్పుడు మాత్రం ముఖం వెలిగిపోయింది.

నేను నీళ్ల కోసం పరుగెత్తాను. చెంబుతో తిరిగి వచ్చేసరికి అత్తమ్మ మంచం మీద లేదు. నెల రోజులుగా కాలు కింద పెట్టని మనిషి, చీర సగం జారిపోయి, పుల్లల్లాంటి కాళ్ల మీద ఊగుతూ మామ వెనక నిలబడి, వీపు మీద రెండు చేతులతో దబదబా బాదుతోంది.

"ముసలోడా! తోక తినుడు గూడ రాదా నీకు? ముప్పై ఏండ్లు మెక్కినవ్ గదరా! వంగు! ఇంకా వంగు!"

ఆ వెనక వచ్చిన మాటలు రాయను. వాటిలో మామ, మామ తల్లి, మా బాపు, రెండు చేపలు, హిమాయత్ సాగర్ కూడా ఉన్నాయి. నేను చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడుస్తూ నవ్వుతున్నాను. ఆమె ఒక పొడి అన్నం ముద్ద చేసి, "నమలకు, మింగు," అని మామ నోట్లో కుక్కింది. ముద్దతో పాటు ముల్లు దిగింది. మామ గాలి పీల్చుకున్నాడు. అచ్చం కుంటలో కొర్రమట్ట పైకి వచ్చి పీల్చినట్టు, పెద్ద చప్పుడుతో.

అత్తమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఆయాసం తగ్గాక, ఎవరూ చెప్పకుండానే, తన అన్నం గిన్నె ముందుకు లాక్కుని మిగతా ముక్క తిన్నది. వాలుగ ముక్క కూడా తిన్నది. బాపు ఇక ఆగలేకపోయాడు.

"ఇప్పుడు చెప్పు చెల్లే. ఏది మంచిగున్నది?"

ఆమె వేళ్లు నాకుతూ ఆలోచించింది. "ఒక్కపారి తింటె ఏం తెలుస్తదన్నా? ఇంకోపారి తినాలె."

ఇంకోసారి తెచ్చారు. మళ్లీ అడిగారు. "మొన్నటిది యాదికి లేదు. ఇంకోపారి," అంది. ఆ చలికాలమంతా ఇద్దరూ పోటీలు పడి తెచ్చారు. ఆమె చెంపలు నిండాయి, తిట్లకు పదును వచ్చింది. నర్సమ్మ చూసి, ప్రభువు దయ అంది. ఆ దయలో సగం సాగర్ నుంచి, సగం కుంటల నుంచి వచ్చిందని నేను చెప్పలేదు. తీర్పు మాత్రం అత్తమ్మ ఏనాడూ ఇవ్వలేదు. ఇస్తే మర్నాటి నుంచి ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆడవాళ్లందరికీ నడిమి ముక్కలు వచ్చాయని చెబితే నమ్మకండి. నాకు ఇంకా చాలా ఏళ్లు తోకే వచ్చింది. వడ్డించేది అత్తమ్మే.

కొన్నేళ్లకు మామ మంచాన పడ్డాడు. మోతీజర కాదు, ముసలితనం. ఒకరోజు అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇప్పటికన్న చెప్పవే. ఏది మంచిగుంటది?" అన్నాడు.

"లేచి ఇంకొకటి పట్టుకరా, చెప్త," అంది.

ఆయన నవ్వాడు. లేవలేదు.

ఆ తర్వాత అత్తమ్మ చేప ముట్టలేదని రాస్తే అందంగా ఉంటుంది గానీ అది అబద్ధం. ఏడాది తిరిగాక పెద్దలకు పెట్టే రోజున కొర్రమట్ట తెప్పించింది. పోయినవాళ్లకు ఇష్టమైనది ఆకులో పెట్టాలి కదా. తానే బూడిదతో రుద్ది, తానే వండి, నడిమి ముక్క తీసి ఆకు ముందు కూర్చుంది. పెట్టకుండా వేళ్లతో విడదీసి వెతకడం మొదలుపెట్టింది. వెన్నుముల్లు తీసింది. దాని పక్కన సన్నవి ఉంటే అవీ తీసింది. అందరం ఎదురు చూస్తున్నాం, కాకులు గోడ మీద ఎదురు చూస్తున్నాయి.

"దాంట్ల ముల్లే ఉండదనేటోడు గద మామ," అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "ఆడ ఆయన గొంతుల ఇరికితె వీపు మీద కొట్టెతందుకు నేను లేను గద," అంది. ముక్క మొత్తం తడిమి చూసుకుని, అప్పుడు ఆకులో పెట్టింది.